కారులో మంచి గాలి కావాలంటే క్యాబిన్ ఫిల్టర్ మీరే తీసి చూడండి, మీరే మార్చుకోండి

ఏసీ మూడో నంబర్‌లో పెట్టినా గాలి ఒకటో నంబర్‌లో వచ్చినంతే వస్తోందా, బ్లోవర్ సౌండ్ మాత్రం బుస్సుమని పెరిగిందా, పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే తడిసి ఆరని బట్టల వాసన కొడుతోందా, వెనక సీట్లో పిల్లలు కారెక్కిన కాసేపటికే తుమ్ములు మొదలుపెడుతున్నారా? వీటిలో ఏ ఒక్కటున్నా సరే, గ్యాస్ అయిపోయిందేమో అని ఏసీ మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు గ్లవ్ బాక్స్ (డ్రైవర్ పక్క సీటు ఎదురుగా కాగితాలు పెట్టుకునే అర) వెనకాల ఉన్న ఫిల్టర్‌ని ఒక్కసారి బయటికి లాగి చూడండి. చాలా కార్లకి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, మొదటిసారి చేసేవాళ్ళకి పావుగంట, రెండోసారి నుంచి ఐదు నిమిషాల పని. కొత్తది కొన్నా మామూలు రకం కొన్ని వందల్లో అయిపోద్ది.

షాపులో అడిగేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, "ఎయిర్ ఫిల్టర్ ఇవ్వన్నా" అంటే ఇంజన్‌ది చేతిలో పెడతాడు, అది బోనెట్ కింద ఉండేది, వేరే. మనకి కావాల్సింది క్యాబిన్ ఫిల్టర్, స్పేర్ పార్ట్స్ షాపుల్లో చాలామంది ఏసీ ఫిల్టర్ అంటారు. మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నీ చెప్పండి, ఒకే పేరున్న కారుకి కూడా జనరేషన్ మారితే ఫిల్టర్ సైజు మారిపోద్ది.

అసలు గాలి ఎటునుంచి వస్తుంది

ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటది కదా, బయటి గాలి కారులోకి వచ్చే దారి అదే. అక్కడినుంచి ఫిల్టర్, ఫిల్టర్ తర్వాత బ్లోవర్, ఆ తర్వాత ఏసీ కూలింగ్ కాయిల్, ఆ తర్వాత మన మొహం మీదికి. మీ కారు రోడ్డుకి ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తులోనే గాలి పీలుస్తుంది, అంటే సిగ్నల్ దగ్గర ముందు ఆగిన లారీ సైలెన్సర్‌కి ఎదురుగా అన్నమాట. అద్దాలు మూసేసి ఏసీ వేసుకున్నాం కాబట్టి లోపల గాలి శుభ్రంగానే ఉంటది అనుకుంటారు చాలామంది, ఫిల్టర్ సరిగ్గా లేకపోతే అది నిజం కాదు, బయట పొగ ఎంతుందో చాలావరకు అదే లోపలికీ వస్తుంది.

కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోద్ది, తుమ్మితే పోద్ది. భయపడాల్సింది కనపడని దాని గురించి. పీఎం 2.5 అని వార్తల్లో వస్తుంటది కదా, 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లేదా అంతకంటే చిన్న కణాలు, మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటదనుకుంటే ఇవి ఎంత సన్నవో చూడండి. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం 24 గంటల సగటు క్యూబిక్ మీటర్‌కి 15 మైక్రోగ్రాములు దాటకూడదు, మన దేశంలో పెట్టుకున్న పరిమితి 60. మీ ఏరియాలో ఎంతుందో తెలుసుకోవాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్ ఉంది, హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, పటాన్‌చెరు లాంటి చోట్ల మెషిన్లు ఉన్నాయి, విశాఖ, విజయవాడ, తిరుపతి, రాజమండ్రిలోనూ ఉన్నాయి. నవంబర్ నుంచి జనవరి దాకా, మరీ ముఖ్యంగా దీపావళి రాత్రి చూడండి, అర్థమైపోద్ది.

ఫిల్టర్ అనేది కాగితంలా కనిపిస్తుంది గానీ మామూలు కాగితం కాదు, సన్నని సింథటిక్ దారాలతో చేసిన గుడ్డ లాంటిది, మడతలు మడతలుగా పెట్టి ఫ్రేమ్‌లో బిగిస్తారు, మడతలు ఎక్కువుంటే దుమ్ము పట్టే జాగా ఎక్కువ. మంచి ఫిల్టర్లలో ఆ దారాలకి స్టాటిక్ చార్జ్ కూడా ఉంటది, చలికాలంలో ఉన్ని స్వెటర్‌కి వెంట్రుకలు వచ్చి అంటుకున్నట్టు సన్న కణాలు వచ్చి దారాలకి అంటుకుంటాయి. ఈ చార్జ్ సంగతి గుర్తుంచుకోండి, కడగొచ్చా లేదా అన్న ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఏ రకం కొనాలి

షాపులో మూడు రకాలు దొరుకుతాయి. తెల్లగా ఉండేది మామూలుది, దుమ్ము, పుప్పొడి, మసి, పురుగుల్ని ఆపుతుంది, వాసనల్ని ఆపలేదు. బూడిద రంగులో గానీ నల్లగా గానీ ఉండేది యాక్టివేటెడ్ కార్బన్‌ది, అంటే వాసనల్ని పట్టుకునే ఒక రకం బొగ్గు కలిపింది, దుమ్ముతో పాటు డీజిల్ పొగ వాసన, డ్రైనేజీ కంపు, కెమికల్ వాసనలు చాలావరకు తగ్గిస్తుంది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు రోజూ తిరిగేవాళ్ళకి, జవహర్‌నగర్ డంప్ యార్డ్ పక్కనుంచి పోయేవాళ్ళకి నేనైతే ఇంకో మాట లేకుండా కార్బన్‌దే చెప్తాను, రెండు మూడొందలు ఎక్కువైనా పర్లేదు. మూడోది హెపా అనో, పీఎం 2.5 అనో రాసి అమ్మేది. అసలు హెపా అంటే 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం ఆపాలి, అంత దట్టమైన గుడ్డలోంచి గాలి తోయాలంటే బ్లోవర్‌కి బలం కావాలి, మామూలు హ్యాచ్‌బ్యాక్ బ్లోవర్‌ని అందుకోసం తయారు చెయ్యలేదు. కంపెనీయే మీ మోడల్‌కి పీఎం 2.5 ఫిల్టర్ అని ఇస్తే అది బ్లోవర్‌ని చూసుకునే ఇస్తుంది కాబట్టి తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టెమీద హెపా అని ప్రింట్ వేసి అమ్మేది మాత్రం వద్దు, అది నిజంగా హెపా అయితే మీకు గాలి రాదు, గాలి బాగా వస్తోందంటే అది హెపా కాదు.

బాష్, మాన్, ప్యూరోలేటర్ లాంటి కంపెనీలవి గానీ మీ కారు కంపెనీ సొంత పార్ట్ గానీ ఏదైనా బానే ఉంటాయి, డూప్లికేట్లు మాత్రం మార్కెట్లో బాగా తిరుగుతున్నాయి జాగ్రత్త. పాతది చేతిలో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తదాన్లో మడతలు తక్కువున్నా, ఫ్రేమ్ వేలితో నొక్కితే వంగిపోతున్నా, పాతదానికి అంచుల్లో ఫోమ్ పట్టీ ఉండి కొత్తదానికి లేకపోయినా వెనక్కి ఇచ్చెయ్యండి. ఆ అంచు చాలా ముఖ్యం. పక్కన చిన్న సందున్నా గాలి ఫిల్టర్‌లోంచి పోదు, సులువుగా ఉన్న సందులోంచే దూరిపోద్ది, ఇక ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా దండగే.

తీసే పద్ధతి

బండి ఇంజన్ ఆపెయ్యండి, బ్లోవర్ ఆఫ్‌లో ఉండాలి, ఫిల్టర్ లేనప్పుడు బ్లోవర్ తిరిగితే ఆకులు, పుల్లలు నేరుగా ఫ్యాన్‌లోకి పోతాయి. మూతికి మాస్క్ కట్టుకోండి, ఆస్తమా ఉన్నవాళ్ళయితే ఈ పని ఇంట్లో ఇంకొకళ్ళ చేత చేయించండి.

గ్లవ్ బాక్స్ ఖాళీ చెయ్యండి, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు, పాత టోల్ రసీదులు, టిష్యూలు అన్నీ సీటు మీద పెట్టెయ్యండి. బాక్స్ తెరిస్తే ఒక పక్కన సన్నని దారంలాగో చిన్న ప్లాస్టిక్ కడ్డీలాగో ఉంటది, మూత ఒక్కసారిగా కింద పడకుండా ఆపేది, దాన్ని కొక్కెం నుంచి మెల్లగా ఊడదియ్యండి. తర్వాత బాక్స్ రెండు పక్కల గోడల్ని రెండు చేతుల్తో లోపలికి నొక్కండి, మారుతి, టయోటా కార్లలో చాలావాటికి ఇలా నొక్కితే పక్కల అడ్డాలు దాటుకుని బాక్స్ కిందికి వాలిపోద్ది. హ్యుందాయ్, కియాల్లో చాలావాటికి రెండు పక్కలా బొటనవేలంత ప్లాస్టిక్ స్టాపర్లు ఉంటాయి, వాటిని తిప్పి బయటికి లాగాలి. కొన్ని కార్లకి స్క్రూలుంటాయి, కొన్నిట్లో ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనక కాకుండా కాళ్ళు పెట్టుకునే చోట పక్కనుంచి ఉంటది, ఇంకొన్నిట్లో బోనెట్ కింద. మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటది, లేకపోతే మీ మోడల్ పేరు, సంవత్సరం కొట్టి వీడియో ఒకటి చూడండి. బలం మాత్రం పెట్టకండి, పాత ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకి పెళుసెక్కి ఉంటాయి, టక్కున విరిగితే ఆ మూత మళ్ళీ గట్టిగా కూర్చోదు.

బాక్స్ కిందికి వాలాక వెనకాల పొడుగ్గా సన్నని ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, రెండు చివర్లా క్లిప్పులుంటాయి, నొక్కి లాగితే వచ్చేస్తుంది. ఇప్పుడు ఫిల్టర్ అంచు కనపడుతుంది. దాన్ని గబుక్కున లాగకండి, ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి బాణం గుర్తు ఎటుందో తెలియడానికి, తర్వాత సమంగా, వంచకుండా మెల్లగా జరుపుకుంటూ లాగండి, పైన పేరుకున్న చెత్త లోపల పడకుండా. కింద ఒక పాత న్యూస్‌పేపర్ పరుచుకుంటే ఇంకా మంచిది.

ఏడాది, రెండేళ్ళు ముట్టుకోని ఫిల్టర్ బయటికొస్తే ఎలా ఉంటదో చెప్తా, చూస్తే మీరే నమ్మరు. పై మడతల్లో వేపాకు ఈనెలు, కానుగ పూల ఎండు రేకులు, దోమల రెక్కలు, ఒకటీ అరా తేనెటీగ. మడతల మధ్య వేలు పెట్టి కొంచెం విడదీస్తే అసలు తెలుపు ఎక్కడా కనపడదు, అడుగుదాకా నల్లటి పొర, వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంటది, అది మట్టి కాదు డీజిల్ మసి. ఫ్రేమ్ పక్కన అటూ ఇటూ గాలి దూరిన చోట నల్ల చార ఉందంటే ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదని, అంచుల్లోంచి గాలి దాటేసిందని అర్థం. ఇలాంటిది పిల్లల ముందు ఒకసారి తీసి చూపించండి, ఆ తర్వాత మీరు మర్చిపోయినా వాళ్ళు గుర్తుచేస్తారు.

ఫిల్టర్ తీశాక ఖాళీ గూట్లోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. అడుగున బ్లోవర్ ఫ్యాన్ కనిపిస్తుంది, దాని మీద ఆకులుంటే చేత్తో ఏరెయ్యండి, ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్న గొట్టం పెట్టి పీల్చెయ్యండి. గోడల్ని కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, ఆరనివ్వండి. ఫిల్టర్ మీద కొరికిన గుర్తులు, చిన్న చిన్న నల్లటి పెంటికలు, పల్లీ తొక్కలు, దూది లాంటి పోగులు కనిపించాయంటే ఎలుక కాపురం పెట్టిందన్నమాట. అప్పుడు ఉత్తి చేత్తో ముట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకోండి, పొడిగా ఊడ్చకుండా ముందు కొంచెం డిసిన్ఫెక్టెంట్ చల్లి తడిగుడ్డతో ఎత్తెయ్యండి, వైర్లు కొరికిందేమో మెకానిక్‌కి చూపించండి. గాలి దూరే దారికి స్టీల్ మెష్ వేయిస్తే మళ్ళీ రాకుండా ఉంటది. వైపర్ల దగ్గర, బోనెట్‌లో నాఫ్తలీన్ ఉండలు పెట్టే అలవాటు మానెయ్యండి, ఆ ఆవిరి నేరుగా లోపలికే వస్తుంది, మీరే పీలుస్తారు.

పెట్టేటప్పుడు బాణం సంగతి

కొత్త ఫిల్టర్ అంచు మీద బాణం ఉంటది, గాలి ఎటు పోవాలో అటు చూపించాలి. బ్లోవర్ ఫిల్టర్ కింద ఉండే కార్లలో బాణం కిందికి. కొన్ని ఫిల్టర్ల మీద బాణం బదులు అప్ అని మాత్రమే ఉంటది, అంటే ఆ వైపు పైకి. డౌట్ ఉంటే పాత ఫిల్టర్‌ని చూడండి, దాన్ని ఇంతకుముందు ఎవరు ఎలా పెట్టినా మురికి పట్టిన వైపు ఎప్పుడూ గాలి వచ్చే వైపే, శుభ్రంగా ఉన్న వైపు గాలి పోయే వైపు. కొత్తదాని బాణం మురికి వైపు నుంచి శుభ్రం వైపుకి పోయేలా పెట్టండి చాలు. తిరగేసి పెడితే పనిచెయ్యదని కాదు గానీ, గట్టి పొర ముందుకొచ్చి తొందరగా మూసుకుపోద్ది, కార్బన్ ఫిల్టర్‌లో అయితే దుమ్మంతా ముందు కార్బన్‌కే పడుతుంది.

లోపలికి తోసేటప్పుడు మడతలు నలగకూడదు, ఫ్రేమ్ పట్టుకునే తొయ్యాలి. అడుగుదాకా పోయి ఆగిందా, నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా చూసి మూత పెట్టండి, రెండు క్లిప్పులూ టిక్ మన్నాయా వినండి. బాక్స్ బిగించేశాక బ్లోవర్ ఫుల్‌లో పెట్టి రెండు నిమిషాలు అద్దాలు దించుకుని తిప్పండి. గాలిలో తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. విజిల్ లాంటి సౌండ్ వస్తే మూత సరిగ్గా పడలేదని, మళ్ళీ తీసి పెట్టండి.

కడగొచ్చా, గాలి కొట్టించొచ్చా

వద్దు. మామూలు ఫిల్టర్‌ని కడిగితే ఇందాక చెప్పిన స్టాటిక్ చార్జ్ పోద్ది, ఆరాక చూడ్డానికి తెల్లగా ఉంటది గానీ సన్న కణాల్ని పట్టే శక్తి చాలావరకు ఉండదు, పైగా సరిగ్గా ఆరకపోతే బూజు. పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టిస్తే దారాలు విడిపోయి కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి, దుమ్ము పోయినట్టే ఉంటది, తర్వాత రోజునుంచి దుమ్ము దాటుకుని లోపలికి వస్తుంటది. కొత్తది దొరికేదాకా రెండు రోజులు నడవాలంటే న్యూస్‌పేపర్ మీద నాలుగుసార్లు తట్టి, ఆకులు దులిపి పెట్టుకోండి, అంతవరకే. వాషబుల్ అని రాసి ఫోమ్‌తోనో జాలీతోనో చేసి అమ్మేవి కడగొచ్చు నిజమే, కానీ అవి ఆకుల్ని, పెద్ద దుమ్ముని ఆపుతాయి తప్ప పీఎం 2.5 విషయంలో పెద్దగా ఉపయోగం లేదు.

ఎన్నాళ్ళకి మార్చాలి అంటే చాలా మాన్యువల్స్‌లో 15,000 లేదా 20,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటది, దాని కిందే దుమ్ము ఎక్కువున్న చోట అంతకంటే ముందే మార్చమని కూడా ఉంటది, ఆ రెండో లైను ఎవరూ చదవరు. తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ల మధ్య తిరిగే కారుకీ, చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో పోయే కారుకీ, రామగుండం, కొత్తగూడెంలో బొగ్గు లారీల వెనక నడిచే కారుకీ, విశాఖలో పోర్టు దగ్గర కాపురముండేవాళ్ళ కారుకీ ఏడాది చాలా ఎక్కువ. ఇలాంటి చోట్ల మూణ్ణెల్లకోసారి తీసి చూడండి, ఆరు నెల్లకి మార్చెయ్యండి. ఊళ్ళో మామూలుగా తిరిగేవాళ్ళు ఎండాకాలం అయ్యాక వానలకి ముందు ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి చూసుకుంటే సరిపోద్ది. కార్బన్ ఫిల్టర్ విషయంలో మాత్రం కంటితో చూసి చెప్పలేం, పైకి శుభ్రంగా ఉన్నా లోపల కార్బన్ నిండిపోయి ఉంటది, వాసనలు మళ్ళీ రావడం మొదలైందంటే దాని పని అయిపోయినట్టే.

సగం పని ఆ బటన్‌దే

ఇది అందరూ చదవాలి, ఎందుకంటే మంచి ఫిల్టర్ పెట్టి బటన్ తప్పు వాడితే ఉపయోగం సగానికి పడిపోద్ది. డ్యాష్‌బోర్డ్ మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పేది. కారు బొమ్మలోకి బయటినుంచి బాణం వచ్చేది ఫ్రెష్ ఎయిర్. ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనక బ్లోవర్ పైన ఉండే కార్లలో రెండు రకాల గాలీ దాన్లోంచే పోతుంది. ఫ్రెష్ ఎయిర్‌లో ప్రతి గాలీ ఒక్కసారే వడకట్టబడుతుంది. రీసర్క్యులేషన్‌లో అదే గాలి పదే పదే తిరుగుతుంది కాబట్టి మామూలు ఫిల్టర్ అయినా కొన్ని నిమిషాల్లోనే సన్న కణాలు బాగా తగ్గిపోతాయి. బోనెట్ కింద ఫిల్టర్ ఉండే కార్లలో మాత్రం బయటి గాలికే ఫిల్టర్, లోపలిది వడకట్టబడదు.

మరైతే ఎప్పుడూ రీసర్క్యులేషన్‌లోనే పెట్టుకుంటే పోలా అంటారు. పోదు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం ఉంటది, దాన్ని ఏ క్యాబిన్ ఫిల్టరూ ఆపలేదు. బయట గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420 భాగాలు) చుట్టుపక్కల ఉంటే, నలుగురు కూర్చుని అద్దాలన్నీ మూసి రీసర్క్యులేషన్ పెడితే అరగంట లోపే 2,000 దాటిపోద్ది. తలనొప్పి, ఆవలింతలు, కళ్ళు మూతలు పడటం, ఇవన్నీ నిద్ర చాలక అనుకుంటాం, చాలాసార్లు ఆ గాలి వల్ల కూడా. రాత్రిపూట డ్రైవ్ చేసేవాళ్ళకి ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం.

హైదరాబాద్ నుంచి విజయవాడ పోతున్నారనుకోండి. ఎల్బీనగర్, హయత్‌నగర్ ట్రాఫిక్ దాటేదాకా రీసర్క్యులేషన్. సిటీ దాటి రోడ్డు ఖాళీగా ఉన్నాక ఫ్రెష్ ఎయిర్. పంతంగి టోల్ దగ్గర లారీల మధ్య లైన్లో ఆగే ముందే, ఆగాక కాదు, రీసర్క్యులేషన్ నొక్కెయ్యండి, గేటు దాటి స్పీడ్ అందుకున్నాక తీసెయ్యండి, కొర్లపహాడ్ దగ్గరా చిల్లకల్లు దగ్గరా అంతే. ముందు నల్లగా పొగ వదిలే లారీ కనిపించగానే నొక్కండి, ఓవర్‌టేక్ చేశాక మార్చండి. లోపలే తిప్పుతూ పోవాల్సి వస్తే ప్రతి ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు నిమిషాలు ఫ్రెష్ ఎయిర్ పెట్టుకోండి, పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ డ్యూటీ అప్పచెప్పండి. కోతలయ్యాక వరి కొయ్యకాళ్ళు తగలబెట్టే రోజుల్లో నిజామాబాద్, కరీంనగర్, మిర్యాలగూడ వైపు పోతే పొగ తెరలు తెరలుగా రోడ్డు మీదికి వస్తుంటది, దూరంనుంచే కనిపిస్తుంది కాబట్టి ముందే బటన్ నొక్కుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కలకి పోయినా అంతే, ఫ్రెష్ ఎయిర్‌లో ఉంటే ఘాటుకి కారంతా దగ్గులే.

వానాకాలంలో ఇంకో చిక్కుంది, లోపలి గాలే తిప్పితే మన ఊపిరి తేమకి అద్దాలు మసకబారతాయి. అప్పుడు ఫ్రెష్ ఎయిర్ పెట్టి, ఏసీ ఆన్‌లోనే ఉంచి, గాలి ముందు అద్దం మీదికి మళ్ళించండి. ఫిల్టర్ మూసుకుపోయిన కార్లలో గాలి సరిపోక అద్దం త్వరగా క్లియర్ అవ్వదు, అది కూడా ఫిల్టర్ మార్చమని చెప్పే గుర్తే.

ఫిల్టర్ చెయ్యలేని పనులు

ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ని ఏ క్యాబిన్ ఫిల్టరూ ఆపదు, కార్బన్ ఫిల్టర్ కూడా ఆపదు. పేరులో కార్బన్ ఉందని పొరపాటు పడొద్దు. ఆ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోద్ది. ఆపిన కారులో ఇంజన్ ఆన్ చేసి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని పడుకోవడం ఎప్పుడూ వద్దు, పెళ్ళిళ్ళకి పోయినప్పుడు, హైవే మీద దాబాల దగ్గర డ్రైవర్లు ఇలా పడుకుంటుంటారు, చెప్పండి వాళ్ళకి. షట్టర్ మూసిన గ్యారేజీలో, సెల్లార్ మూలలో ఇంజన్ ఆన్ చేసి వదిలెయ్యొద్దు. సైలెన్సర్ లీకున్నట్టు సౌండ్ మారితే ఆ వారమే చూపించుకోండి.

ఎండలో నిలబెట్టిన కారెక్కగానే వచ్చే ఘాటు వాసన కూడా అంతే, సీట్లు, డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్, జిగురు వేడెక్కి వదిలే ఆవిర్లు అవి, కొత్త కారులో ఇంకా ఎక్కువ. మన మే నెల ఎండలకి తలుపులు తెరిచి ఒక నిమిషం ఆగి, అద్దాలు దించుకుని ఫ్రెష్ ఎయిర్‌లో కాస్త దూరం నడిపి, వేడి గాలి పోయాక అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ పెట్టుకోండి. ఏసీ కూడా తొందరగా చల్లబడుతుంది.

కొత్త ఫిల్టర్ పెట్టినా తడివాసన పోకపోతే కూలింగ్ కాయిల్ మీద బూజు పట్టిందన్నమాట. దిగడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆఫ్ చేసి బ్లోవర్ మాత్రం నడవనివ్వండి, కాయిల్ ఆరిపోద్ది, ఈ ఒక్క అలవాటుతో వాసన సమస్య చాలావరకు రానే రాదు. ఏసీ నీళ్ళు కారు కింద చుక్కలుగా పడుతున్నాయో లేదో చూడండి, పడకుండా పక్క సీటు మ్యాట్ తడుస్తోందంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. అప్పటికీ పోకపోతేనే కాయిల్ క్లీనింగ్ ఫోమ్ కొట్టించండి, ప్రతి సర్వీసుకీ ఏసీ డిసిన్ఫెక్షన్ అని బిల్లులో కలిపేస్తుంటే వద్దని చెప్పొచ్చు. వాషింగ్ సెంటర్‌లో ప్రెషర్ పైపు వైపర్ల జాలీ మీద డైరెక్ట్‌గా పెట్టనివ్వొద్దు, ఫిల్టర్ తడిసిపోద్ది.

డ్యాష్‌బోర్డ్ మీద దేవుడి బొమ్మ దగ్గర అగరబత్తి వెలిగించి అద్దాలు మూసుకునేవాళ్ళున్నారు, ఆ పొగలో ఉండేవి కూడా సన్న కణాలే. దండం పెట్టుకోండి, పూలు పెట్టండి, అగరబత్తి మాత్రం కారు బయట వెలిగించండి. పెర్ఫ్యూమ్ డబ్బాలు దుర్వాసనని తీసెయ్యవు, ఇంకో కెమికల్‌ని గాలిలో కలుపుతాయి, ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇళ్ళల్లో అసలే వద్దు. యూఎస్‌బీకి పెట్టుకునే బుల్లి ప్యూరిఫైయర్లు తోసే గాలి చాలా తక్కువ, అయోనైజర్ రకాలు కొన్ని ఓజోన్ వదులుతాయి, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆ డబ్బుల్తో రెండు మంచి ఫిల్టర్లు వస్తాయి. వారానికోసారి మ్యాట్లు బయట దులపండి, లోపల పొడిగుడ్డతో దులపకుండా తడిగుడ్డతో తుడవండి, కాళ్ళతో మనం తెచ్చిన మట్టే బ్లోవర్ గాలికి లేస్తుంటది.

కొన్ని పాత మోడల్స్‌లో, బేస్ వేరియంట్లలో కంపెనీ అసలు ఫిల్టరే ఇవ్వదు. గ్లవ్ బాక్స్ దించి చూస్తే ఫిల్టర్ గూడు ఉండి ఖాళీగా ఉండొచ్చు, అలాంటప్పుడు పై వేరియంట్ ఫిల్టర్ కొని పెట్టేసుకోవచ్చు. కొన్నిట్లో గూడు మూసేసి ఉంటది, ప్లాస్టిక్ కొయ్యాలి, అది సొంతంగా చెయ్యకుండా తెలిసిన మెకానిక్ చేత చేయించండి. అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఒక మాట, ఆయిల్ చేంజ్‌కి పోయినప్పుడు పాత ఫిల్టర్ తెచ్చి చూపించి పెద్ద బిల్లు వేస్తుంటారు, అదే ఫిల్టర్ పార్ట్స్ స్టోర్‌లో చాలా తక్కువకి దొరుకుతుంది, పని ఇదే ఐదు నిమిషాలు. టెక్సస్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ చెట్ల పుప్పొడి సీజన్, దానికి ముందే కొత్తది పెట్టుకుంటే తుమ్ములు తగ్గుతాయి.

చివరిగా, కొత్త ఫిల్టర్ లోపల పెట్టే ముందు దాని అంచు మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్ రీడింగ్ రాయండి. మీరే మార్చుకుంటే ఎప్పుడు మార్చారో వెతుక్కునే పని ఉండదు. సర్వీస్ సెంటర్‌కి ఇస్తే ఇంకా అవసరం, ఫిల్టర్ మార్చామని బిల్లు వేసి పాతదే దులిపి పెట్టే చోట్లు ఉన్నాయి. బండి చేతికొచ్చాక అక్కడే పార్కింగ్‌లో గ్లవ్ బాక్స్ దించి చూడండి, మీ చేతిరాత ఉన్న ఫిల్టరే కనిపిస్తే ఫొటో తీసుకుని, బిల్లు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళి అడగండి.